అడవిలో కుటుంబ కథ: చిన్న సినిమా బడ్జెట్ ఎక్కడ దారి తప్పుతుంది?

సంక్షిప్తంగా: అడవి నేపథ్యంలో తీసే చిన్న కుటుంబ చిత్రానికి సెట్ ఖర్చు మిగులుతుంది, కానీ షూటింగ్ రోజులు పెరుగుతాయి. వెలుతురు, నడక దూరం, పిల్లల పని గంటలు, అటవీ చట్టాల హద్దులు ఇందుకు కారణాలు. వీటిని స్క్రిప్ట్ రాసేటప్పుడే లెక్క వేసుకున్న సినిమా అనుకున్న డబ్బులో పూర్తవుతుంది. షూటింగ్ మొదలయ్యాక సర్దుకోబోయిన సినిమా అప్పుల్లో పడుతుంది. విడుదల సమయంలో థియేటర్ అద్దె పద్ధతి ఇంకో పరీక్ష.

నగరం వదిలి అడవి అంచుకు చేరిన కుటుంబం, తల్లిదండ్రుల మధ్య మాటల్లేని దూరం, ఆ చెట్ల మధ్య పిల్లలే వాళ్లను కలపడం. ఫిల్మ్‌నగర్‌లో చిన్న నిర్మాతలకు తరచుగా వినిపించే కథల్లో ఇదొక రకం. కాగితం మీద చాలా చవగ్గా కనిపిస్తుంది. నలుగురైదుగురు నటులు, ఒక చిన్న ఇల్లు, చుట్టూ చెట్లు. పాటలకు విదేశాలు అక్కర్లేదు, ఫైట్లకు రోప్‌లు అక్కర్లేదు. అయినా ఇలాంటి సినిమాలు మొదటి షెడ్యూల్ పూర్తయ్యేసరికే డబ్బు అయిపోయి ఆగిపోవడం, ఏడాది తర్వాత ప్యాచ్‌వర్క్‌తో అతికించినట్టు బయటికి రావడం పరిశ్రమలో కొత్త సంగతేమీ కాదు. దుబారా చేశారనో దర్శకుడికి అనుభవం లేదనో అనుకోవడం తేలిక. చాలాసార్లు అసలు కారణం లెక్క వేసిన పద్ధతిలోనే ఉంటుంది.

అమెరికాలో నడిచిన నమూనా ఇక్కడ ఎందుకు నడవదు

ఈ తరహా సినిమాకు 1970ల నాటి అమెరికాలో మంచి గిరాకీ ఉండేది. 1975లో స్టీవర్ట్ రాఫిల్ దర్శకత్వంలో వచ్చిన ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ ది విల్డర్‌నెస్ ఫ్యామిలీ’ అందుకు తెలిసిన ఉదాహరణ. కూతురి ఆరోగ్యం కోసం లాస్ ఏంజెలెస్ వదిలి కొండల్లో గుడిసె కట్టుకున్న కుటుంబం కథ అది. దానికి తర్వాత మరో రెండు భాగాలు వచ్చాయి. పేరున్న తారలు లేకుండా, కొండలనూ జంతువులనూ ఆకర్షణగా పెట్టుకుని సాగిన సినిమాలివి.

ఆ నమూనా రెండు కాళ్ల మీద నిలబడింది. ఒకటి, శిక్షణ ఇచ్చిన ఎలుగుబంట్లు, ఇతర అడవి జంతువులు. పిల్లలు వాటితో ఆడుకోవడం, వాటి నుంచి పరుగెత్తడం తెర మీద నిజంగా కనిపించేది. రెండోది విడుదల పద్ధతి. ఆ రోజుల్లో ఇలాంటి కుటుంబ చిత్రాలు తీసిన కొన్ని చిన్న సంస్థలు ఒక్కో ప్రాంతంలో థియేటర్లను వారానికింత అని గుత్తగా అద్దెకు తీసుకుని, స్థానిక టీవీలో ప్రకటనలు గుప్పించి, టికెట్ డబ్బంతా తామే ఉంచుకునేవి.

ఇక్కడ మొదటి కాలుకు చట్టం ఒప్పుకోదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద కేంద్రం జారీ చేసిన నోటిఫికేషన్ ప్రకారం ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం వంటి వాటికి శిక్షణ ఇచ్చి ప్రదర్శించడం నిషేధం. రెండో కాలు, అంటే థియేటర్ అద్దె, తెలుగు రాష్ట్రాల్లో ఉంది కానీ చిన్న సినిమాకు అది ఎదురు తిరుగుతుంది. ఆ సంగతి చివర్లో. కాబట్టి ఇక్కడి అడవి సినిమాకు మిగిలేది నటన, వాతావరణం, శబ్దం. వాటిని తెరకెక్కించడానికి పట్టే రోజులే అసలు ఖర్చు.

రోజుల లెక్క

కెమెరా ఒకచోట పెట్టి, లైటు సర్ది, తీసి, అక్కడి నుంచి కదలడాన్ని ఒక సెటప్ అంటారు. ఒక మోస్తరు కుటుంబ కథకు 350 సెటప్‌లు అవసరమనుకుందాం. లంచ్ బ్రేక్ పోను రోజుకు ఏడున్నర గంటలు, అంటే 450 నిమిషాలు కెమెరా పనికి దొరుకుతాయనుకుందాం.

ఊళ్లో ఒక ఇంట్లో షూటింగ్ అయితే అనుభవమున్న చిన్న యూనిట్ సెటప్‌కు సుమారు 25 నిమిషాలు తీసుకుంటుంది. రోజుకు 18 సెటప్‌లు, సినిమా మొత్తానికి 20 రోజులు. అదే యూనిట్ అడవిలో 40 నిమిషాలు తీసుకుంటుంది. ట్రైపాడ్ కాళ్ల కింద నేల సమంగా ఉండదు, ట్రాక్ వేయాలంటే ముందు రాళ్లు తీయాలి, లైటు మోసుకు రావాలి, మేఘం దాటే వరకు ఆగాలి. అప్పుడు రోజుకు 11 సెటప్‌లే అవుతాయి. మొత్తం 32 రోజులు.

యూనిట్ జీతాలు, బాటాలు, భోజనాలు, కెమెరా అద్దె, బండ్లు, బస కలిపి రోజుకు 3 లక్షలనుకుంటే ఆ 12 రోజుల తేడా 36 లక్షలు. ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకున్నా, చిన్న సెట్ వేసినా అంత కాదు. అడవి సెట్ ఖర్చును మిగిల్చి, దానికి రెండు మూడింతలు రోజుల రూపంలో రాబడుతుంది. నిర్మాతకు ఇచ్చే బడ్జెట్ కాగితంలో ‘లొకేషన్ అద్దె’ అన్న గడి పక్కన సున్నా కనిపించగానే చవక సినిమా అనిపించడం ఇందువల్లే. నష్టం వేరే గడిలో ఉంటుంది.

రోజు ఖర్చు కూడా ఉన్నచోట ఉండటం లేదు. 30 శాతం వేతన పెంపు కోరుతూ 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు సమ్మె చేశారు. తక్కువ వేతనం ఉన్నవారికి మూడేళ్లలో విడతలవారీగా 22.5 శాతం పెంచే ఒప్పందంతో అది ముగిసింది. బరువులు మోసే లైట్‌మన్‌కు, ప్రొడక్షన్ బాయ్‌కి ఆ పెంపు న్యాయమైనదే. నిర్మాత చేయవలసింది కూలి తగ్గించడం కాదు, అనవసరమైన రోజులు తగ్గించడం.

పిల్లల గంటలు సినిమా పొడవును నిర్ణయిస్తాయి

ఈ కథల్లో పిల్లలు తప్పనిసరి. 14 ఏళ్లలోపు పిల్లలు నటించవచ్చు, అయితే 2016లో సవరించిన బాల కార్మిక చట్టం, 2017 నిబంధనల ప్రకారం. రోజుకు 5 గంటలకు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. వరుసగా 27 రోజులకు మించి పనిచేయించకూడదు. షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకోవాలి. అయిదుగురు పిల్లలకు ఒకరు చొప్పున బాధ్యుడిని నియమించాలి. పారితోషికంలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో పిల్లల పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేయాలి. చదువు ఆగకుండా చూసే బాధ్యత కూడా నిర్మాతదే.

ఈ 5 గంటలను పైన వేసిన లెక్కలో పెడితే విషయం తేటపడుతుంది. 300 నిమిషాల్లో, సెటప్‌కు 40 చొప్పున, పిల్లవాడు ఉన్నవి రోజుకు 7 వస్తాయి. మొత్తం 350లో 200 సెటప్‌లలో పిల్లవాడు ఉంటే అవి 29 రోజులకు పూర్తవుతాయి. ఆ రోజుల్లోనే మిగిలిన సమయంలో పెద్దవాళ్ల సెటప్‌లు నాలుగేసి తీసుకుంటూ పోతే సినిమా 32 రోజుల్లోనే ముగుస్తుంది. పిల్లవాడు 300 సెటప్‌లలో ఉంటే మాత్రం 43 రోజులు కావాలి. అంటే దాదాపు 220 సెటప్‌లు దాటిన దగ్గర్నుంచి ప్రతి ఏడు సెటప్‌లకూ ఒక రోజు అదనంగా పడుతుంది. వరుసగా 27 రోజుల పరిమితి వల్ల మధ్యలో విరామం ఎలాగూ తప్పదు.

పరిష్కారం గంటలు దొంగిలించడం కాదు. ఎండలో, రాళ్లలో అలసిన పిల్లవాడు ఆరో గంటలో ఇచ్చే నటన ఎడిటింగ్‌లో పనికి రాదు, అతడి ఆరోగ్యానికీ మంచిది కాదు. సీన్లు రాసేటప్పుడే పిల్లవాడు అడవిలోకి పరుగెత్తిన తర్వాత తల్లిదండ్రులు మాట్లాడుకునేలా, అతడి గొంతు మాత్రం దూరం నుంచి వినిపించేలా మలచుకోవాలి. వీపు మాత్రమే కనిపించే దూరపు షాట్లకు పొట్టిగా ఉన్న పెద్ద నటుడిని వాడవచ్చు. మరో పిల్లవాడిని డూప్‌గా తెస్తే అతడికీ అవే గంటలు వర్తిస్తాయి.

‘అడవి’ అన్న మాటకు చట్టంలో చాలా అర్థాలు

అన్ని అడవులూ ఒక్కటి కావు. ఏ తరగతి భూమిలో కెమెరా పెడుతున్నారన్న దాన్ని బట్టి ఏం తీయవచ్చో, ఎవరిని అడగాలో మారుతుంది.

అభయారణ్యం, నేషనల్ పార్క్, టైగర్ రిజర్వ్ అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. అందులోని 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. 2022 సవరణ తర్వాత ఆ సెక్షన్‌లో ఫొటోగ్రఫీతో పాటు సినిమా చిత్రీకరణ ప్రస్తావన కూడా చేరింది, అయితే ఆవాసాన్ని మార్చకూడదు, వన్యప్రాణులకు చెడు జరగకూడదు అన్న షరతుతో. మామూలు మాటల్లో చెప్పాలంటే గుడిసె సెట్ వేయలేరు, కొమ్మ నరకలేరు, రాత్రి ఫ్లడ్‌లైట్లు పెట్టి పనిచేయడం దాదాపు కుదరదు. హైదరాబాద్ నగరం మధ్యలో ఉన్న కేబీఆర్ పార్క్ కూడా నేషనల్ పార్కే. ‘ఊళ్లోనే ఉంది కదా, రెండు షాట్లు లాగేద్దాం’ అని వెళ్లడం అదే చట్టం కింద తప్పు.

హైదరాబాద్‌కు దగ్గరి పెద్ద అడవి అమ్రాబాద్. నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్‌లో రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు వచ్చిన భాగమిది, విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. శ్రీశైలం రోడ్డు దీని గుండానే పోతుంది. మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలు ఆపేస్తారు. యూనిట్ ఏ వైపు బస చేసిందన్నది దీనివల్ల పెద్ద విషయమవుతుంది. చెక్‌పోస్ట్‌కు ఇవతల బస, అవతల లొకేషన్ అయితే తెల్లవారుజాము వెలుతురు మొత్తం గేటు దగ్గరే గడిచిపోతుంది. వానాకాలంలో, అంటే జులై నుంచి సెప్టెంబర్ వరకు, టైగర్ రిజర్వ్ లోపలికి సందర్శకులను కూడా అనుమతించరు.

రిజర్వ్ ఫారెస్ట్ అయితే 1967 అటవీ చట్టం వర్తిస్తుంది, అటవీ శాఖ అనుమతి, రుసుము, డిపాజిట్ ఉంటాయి. అటవీ అభివృద్ధి సంస్థ పెంచే నీలగిరి తోటలు, కొత్తగూడ బొటానికల్ గార్డెన్ లాంటివి వేరే తరగతి, అక్కడ ఆ సంస్థను అడగాలి. చివరిది పట్టా భూమి: అడవి అంచున ఉన్న రైతు మామిడి తోట, బీడు, వాగు ఒడ్డు. చిన్న సినిమాకు అన్నిటికంటే విలువైన లొకేషన్ ఇదే. గుడిసె వేయవచ్చు, జనరేటర్ పెట్టవచ్చు, రాత్రి పనిచేయవచ్చు. కెమెరాను అడవి వైపు తిప్పితే వెనకంతా అడవే కనిపిస్తుంది. రైతుతో రాతపూర్వక ఒప్పందం, పంచాయతీకి, పోలీసు స్టేషన్‌కు సమాచారం ఉంటే చాలావరకు సరిపోతుంది.

అమ్రాబాద్ లోపల పెంటలు అని పిలిచే చెంచు గిరిజనుల గూడేలున్నాయి. వాళ్ల ఇళ్లను, మనుషులను ‘నేపథ్యం’గా వాడుకుని రావడం సరైన పని కాదు. తీస్తున్న సీన్ ఏమిటో చెప్పి ఒప్పుకుంటేనే తీయాలి, జూనియర్ ఆర్టిస్టుకు ఇచ్చే కూలికి తగ్గకుండా ఇవ్వాలి.

మంట, తుపాకి, పులి

ఈ తరహా కథల్లో మూడు సీన్లు దాదాపు తప్పనిసరిగా ఉంటాయి. ఆ మూడూ చట్టానికి తగులుతాయి.

మొదటిది చలిమంట చుట్టూ కుటుంబం మనసు విప్పుకునే సీన్. వన్యప్రాణి చట్టం 30వ సెక్షన్ అభయారణ్యానికి ప్రమాదం కలిగేలా నిప్పు పెట్టడాన్ని, మండుతున్న నిప్పును వదిలి రావడాన్ని నిషేధిస్తుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు ఎండుటాకుల మీద ఒక్క నిప్పురవ్వ పడితే ఎన్ని ఎకరాలు పోతాయో అటవీ సిబ్బందికి బాగా తెలుసు, కాబట్టి దీని మీద బేరం ఉండదు. చేయదగినది: ఈ సీన్ పట్టా భూమిలో తీయడం. చుట్టూ పది అడుగుల మేర ఆకులు ఊడ్చి, నేల తడిపి, నీళ్ల డ్రమ్ములు, ఇసుక బకెట్లు దగ్గర పెట్టుకోవాలి. కట్టెల మంట ఒక షాట్‌కూ మరో షాట్‌కూ ఎత్తు మారిపోతుంది కాబట్టి క్లోజప్‌లకు మంట బదులు నారింజ రంగులో మిణుకుమనే ఎల్ఈడీ లైటు పెడితే కంటిన్యుటీ కుదురుతుంది.

రెండోది తండ్రి చేతిలో నాటు తుపాకి. 31వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి అడుగు పెట్టకూడదు. డమ్మీ అయినా దరఖాస్తులో ముందే రాసి చూపించకపోతే చెక్‌పోస్ట్ దగ్గర రోజంతా పోతుంది. చాలా కథల్లో తుపాకి లేకపోయినా సీన్ నిలబడుతుంది. కర్ర, టార్చి లైటుతో నిలబడిన తండ్రి భయం తుపాకి ఉన్నవాడి భయం కంటే బాగా కనిపిస్తుంది.

మూడోది పులి. శిక్షణ పులి నిషేధం, కంప్యూటర్ గ్రాఫిక్స్ పులికి వెంట్రుకల కదలిక నమ్మేలా చేయడం చాలా ఖర్చు. సగం డబ్బుతో చేసిన గ్రాఫిక్స్ పులి సినిమా మొత్తాన్ని నవ్వులపాలు చేస్తుంది. వాగు ఇసుకలో పంజా గుర్తు, దుప్పి అరుపు, ఒక్కసారిగా ఆగిపోయిన పిట్టల చప్పుడు, పిల్లవాడి ముఖం, ఇవి చాలు. కుక్క, మేక లాంటి పెంపుడు జంతువులు నటిస్తే 2001 నిబంధనల ప్రకారం జంతు సంక్షేమ బోర్డు నుంచి షూటింగ్‌కు ముందే అనుమతి ఉండాలి. షూటింగ్ తర్వాత గుర్తొస్తే సెన్సార్ దగ్గర సినిమా ఆగుతుంది.

చెట్ల కింద వెలుతురు

సాయంత్రం ఆరింటికి గానీ పొద్దు కుంకదని కాల్ షీట్ వేసుకుంటారు. కొండల మధ్య లోయలో సూర్యాస్తమయానికి గంట, గంటన్నర ముందే వెలుతురు చచ్చిపోతుంది. పైగా మధ్యాహ్నం ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలకూ పక్కనున్న నీడకూ నాలుగైదు స్టాప్‌ల (ఒక్కో స్టాప్‌కు వెలుతురు రెట్టింపు) తేడా ఉంటుంది. ముఖం మీద అలాంటి మచ్చ పడితే డీఐలో, అంటే ఎడిటింగ్ తర్వాత చేసే రంగుల సవరణలో కూడా బాగుపడదు.

దీనికి చిన్న యూనిట్‌లో రెండు దారులున్నాయి. ఒకటి, నటుల తల మీద ఎండను మెత్తబరిచే 12 అడుగుల చదరపు సిల్క్ గుడ్డ పట్టడం, దానికి నలుగురు మనుషులు, గాలి లేని సమయం కావాలి. రెండోది, పూర్తి నీడలో నటులను నిలబెట్టి, వెనక కూడా నీడే వచ్చేలా కెమెరా కోణం ఎంచుకోవడం. ఖర్చు లేనిది, నాణ్యమైనది రెండోదే. ఇంకో ఇబ్బంది పచ్చ రంగు: ఆకుల మీద పడి తిరిగొచ్చే వెలుతురు చర్మాన్ని ఆకుపచ్చగా చూపిస్తుంది. తెల్ల గాడా గుడ్డతో ఒక పక్క నుంచి బౌన్స్ ఇచ్చి, ఆకులున్న పక్కన నల్ల గుడ్డ కడితే చాలావరకు తగ్గుతుంది.

జనరేటర్ వ్యాన్ రోడ్డు వదిలి రాలేదు. కేబుల్ వంద మీటర్లు దాటి లాగితే వోల్టేజ్ పడిపోతుంది, చప్పుడు వేరే. బ్యాటరీ ఎల్ఈడీల మీద ఆధారపడితే లెక్క ముందే వేయాలి: 300 వాట్ల లైటు 150 వాట్ అవర్ బ్యాటరీలు రెండు పెట్టుకుని పూర్తి వెలుగులో గంటలోపే ఆగిపోతుంది. నాలుగు గంటల పనికి అలాంటివి కనీసం ఎనిమిది, చేతిలో రెండు అదనంగా ఉండాలి. ఛార్జింగ్ బేస్ క్యాంప్‌లో సాగుతూనే ఉండాలి, దాని కోసమే ఒక మనిషి.

రాత్రి సీన్లకు పగలు తీసి రాత్రిలా చూపించే డే ఫర్ నైట్ పద్ధతి ఈ సినిమాలకు గొప్ప ఆసరా. ఎండ వెనక నుంచి వచ్చేలా నిలబెట్టి, ఆకాశం ఫ్రేమ్‌లోకి రాకుండా చూసుకుని, ఎక్స్‌పోజర్ రెండు స్టాప్‌లు తగ్గించి, వైట్ బ్యాలన్స్ 3,200 కెల్విన్ దగ్గర పెడితే వెన్నెల రాత్రి అనిపిస్తుంది. నీళ్ల మీద మెరుపు, తెల్ల చొక్కా ఉంటే గుట్టు బయటపడుతుంది. లాంతరు, టార్చి కనిపించే షాట్లు మాత్రం పొద్దు కుంకాక దొరికే ఇరవై నిమిషాల్లో తీయాలి.

శబ్దం, ఆకులు

కుటుంబ కథలో మాటలే ప్రాణం. అడవిలో మాట రికార్డింగ్‌కు మొదటి శత్రువు ఇలకోళ్లు అనే కీటకాలు. ఎండ ఎక్కే కొద్దీ వాటి రొద పెరుగుతుంది. ఆ రొద ఉండే పై స్థాయి ధ్వనులే ‘స’, ‘శ’ లాంటి అక్షరాల స్పష్టతకూ ఆధారం కాబట్టి సాఫ్ట్‌వేర్‌తో రొద తీసేస్తే మాట కూడా మొద్దుబారుతుంది. మాటలెక్కువ ఉన్న సీన్లు ఉదయం తొమ్మిదిలోపు పెట్టుకోవడం, షాట్ అయిన వెంటనే అదే చోట నటులతో మాటలు మరోసారి విడిగా చెప్పించుకుని రికార్డు చేయడం, ప్రతి లొకేషన్‌లో ఎవరూ కదలకుండా ఒక నిమిషం అడవి చప్పుడు పట్టుకోవడం, ఈ మూడూ అలవాటైతే డబ్బింగ్ థియేటర్ ఖర్చు బాగా తగ్గుతుంది. డబ్బింగ్ తప్పదనుకుంటే పిల్లల మాటలు ముందు పూర్తి చేయాలి. పన్నెండు, పదమూడేళ్ల అబ్బాయి గొంతు ఆరు నెలల్లో మారిపోవచ్చు.

రెండో సమస్య కంటికి కనిపించేది. నల్లమల ఆకు రాల్చే అడవి. అక్టోబర్‌లో దట్టంగా ఉన్న చోటు ఫిబ్రవరికి బోసిపోతుంది, టేకు ఆకులు నేలంతా పరుచుకుంటాయి, మోదుగ ఎర్రగా పూస్తుంది. డబ్బు కుదరక మొదటి షెడ్యూల్ నవంబర్‌లో, రెండోది మార్చిలో పెట్టుకున్న సినిమాలో ఒకే సంభాషణలో తండ్రి వెనక పచ్చటి అడవి, తల్లి వెనక ఎండిన కొమ్మలు కనిపిస్తాయి. గుమ్మం దాటని సీన్లను రెండో షెడ్యూల్‌కు ఉంచి, బయటి సీన్లన్నీ ఒకే విడతలో తీయడం తప్ప దారి లేదు. లేదా కథలోనే రెండు కాలాలు ఉండాలి. వాగులో నీళ్లు ఉండి, ఆకు పచ్చగా ఉండి, ఇలకోళ్లు తక్కువగా ఉండే నవంబర్, డిసెంబర్ నెలలు అన్ని విధాలా అనుకూలం. అందుకే ఆ నెలలకు సెప్టెంబర్‌లో కాదు, జూన్‌లోనే అనుమతుల దరఖాస్తు పెట్టాలి.

భద్రతకు బడ్జెట్‌లో చోటు లేకపోవడం ఇంకో సాధారణ లోపం. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో పాము కాటు మందు ఉందో లేదో షూటింగ్‌కు ముందు రోజు కనుక్కోవాలి, ఒక బండి ఎప్పుడూ రోడ్డు వైపు ముఖం పెట్టి ఖాళీగా ఉండాలి. బండరాళ్లకు, పెద్ద చెట్లకు తేనెపట్టులుంటే పొగ యంత్రం, డ్రోన్ రెండూ ఆపేయాలి. తేనెటీగలు లేచాయంటే ఆ రోజు షూటింగ్ మాత్రమే కాదు, ప్రాణాలే ప్రమాదంలో పడతాయి.

మూడు చోట్లుగా విడగొట్టడం

ఇవన్నీ కలిపి చూస్తే పనిచేసే ప్రణాళిక ఒకటి కనిపిస్తుంది. అసలు అడవిలో తీసేవి అడవి తప్ప వేరే చోట కుదరనివి మాత్రమే: దూరపు షాట్లు, నడకలు, వాగు దాటడాలు. చిన్న యూనిట్, పన్నెండు పదిహేను మంది, జనరేటర్ లేకుండా, ఏడెనిమిది రోజులు. ఇల్లు, వాకిలి, మంట, రాత్రి సీన్లు వికారాబాద్ దగ్గరి అనంతగిరి చుట్టుపక్కల లాంటి చోట అడవి అంచున పట్టా భూమిలో. వికారాబాద్ హైదరాబాద్‌కు 75 కిలోమీటర్ల దూరమే కాబట్టి ఏదైనా పాడైతే ఆ పూటే ఇంకొకటి తెప్పించవచ్చు. ఆకు వెనక ముఖం, చేతిలో పువ్వు, చెట్టు బెరడు లాంటి క్లోజప్‌లు చివర్లో నగరంలోని ఏదైనా తోటలో.

పై లెక్కలోని 350 సెటప్‌లలో 80 మాత్రమే లోపలి అడవికి మిగిలితే, అవి 40 నిమిషాల చొప్పున 8 రోజులు పడతాయి. మిగతా 270 రోడ్డు పక్కనే ఉన్న చోట 28 నిమిషాల చొప్పున రోజుకు 16 వస్తే 17 రోజులు. మొత్తం 25. పిల్లవాడి గంటలు కూడా ఇందులో కుదురుతాయి, ఎందుకంటే సెటప్ వేగం పెరిగితే అతడి 5 గంటల్లోనూ పదేసి వస్తాయి. 32 రోజుల ప్రణాళికతో పోలిస్తే రోజుకు 3 లక్షల చొప్పున 21 లక్షలు మిగులుతాయి. ఆ డబ్బు శబ్దానికి, డీఐకి పెడితే ప్రేక్షకుడికి తేడా కనిపిస్తుంది.

థియేటర్ దగ్గరి లెక్క

సెన్సార్ విషయంలో ఒక మార్పు ఈ సినిమాలకు నేరుగా వర్తిస్తుంది. 2023 చట్ట సవరణ, 2024 నిబంధనల తర్వాత యూఏ సర్టిఫికెట్ మూడుగా విడిపోయింది: 7, 13, 16 ఏళ్లకు పైబడినవారికి. పాము కాటు, గాయం, పిల్లవాడు ప్రమాదంలో పడటం ఎంత సేపు, ఎంత దగ్గరగా చూపించారన్న దాన్ని బట్టి 7 నుంచి 13కు జరిగే అవకాశం ఉంది. చిన్న పిల్లల తల్లిదండ్రులే ప్రధాన ప్రేక్షకులైన సినిమాకు ఆ తేడా ముఖ్యం, ఎడిటింగ్‌లోనే చూసుకోవలసినది.

ఇక థియేటర్. తెలుగు రాష్ట్రాల్లో సింగిల్ స్క్రీన్‌లకు అద్దె పద్ధతి, వసూళ్లలో వాటా పంచుకునే పర్సంటేజీ పద్ధతి రెండూ ఉన్నాయి. 2025 మేలో ఎగ్జిబిటర్లు, అంటే థియేటర్లు నడిపేవాళ్లు, పర్సంటేజీ కావాలని పట్టుబట్టారు, జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామన్న మాట వరకు వెళ్లి ఆగింది. చిన్న నిర్మాత కోణంలో తేడా ఇలా ఉంటుంది. ఉదాహరణకు ఒక హాలు వారం అద్దె లక్షన్నర, టికెట్ 100 రూపాయలు. వంద రూపాయల వరకు టికెట్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం కాకుండా 5 శాతం, కాబట్టి పన్ను పోను సుమారు 95 రూపాయలు మిగులుతుంది. రోజుకు నాలుగు ఆటలు, వారానికి 28. ఆటకు సగటున 37, 38 మంది వస్తే వారం వసూలు దాదాపు లక్ష. అద్దె పద్ధతిలో ఆ హాలు నుంచి నిర్మాతకు రావడం అటుంచి, 50 వేలు ఎదురు కట్టాలి. దీన్నే నెగటివ్ షేర్ అంటారు. సగం సగం పర్సంటేజీలో అయితే అదే వసూలుకు 50 వేలు చేతికొస్తాయి. ఇలాంటి 40 హాళ్లలో విడుదల చేస్తే రెండు పద్ధతుల మధ్య తేడా 40 లక్షలు. ఒక చిన్న సినిమాకు ఇది షూటింగ్ మొత్తం ఖర్చులో పెద్ద భాగం.

అమెరికాలో ఆనాటి సంస్థలు అద్దె కట్టి కూడా గెలిచాయంటే కారణం, ప్రకటనల బలంతో ఒకే ప్రాంతంలో జనాన్ని ఒకే వారంలో రప్పించగలిగారు. పేరున్న నటుడు లేని తెలుగు చిన్న సినిమాకు జనం నోటి మాటతో వస్తారు. నోటి మాట ఊపందుకునేది రెండో వారంలో. మొదటి వారం అద్దె ఆ లోపే డబ్బు తినేస్తుంది. అందువల్ల ఎక్కువ హాళ్లలో ఒకేసారి వేయడం కంటే, హైదరాబాద్‌లో మల్టీప్లెక్స్‌లలో పర్సంటేజీ మీద రోజుకు రెండు మూడు ఆటలు, సెలవు రోజుల్లో మధ్యాహ్నం ఆట తప్పకుండా, జిల్లా కేంద్రాల్లో పర్సంటేజీ మీద ఒక్కో హాలు, ఈ రెండూ కుదిరితేనే విడుదల తేదీ ప్రకటించడం మేలు. కుదరకపోతే తేదీ జరపడం వల్ల పోయేది వడ్డీ మాత్రమే. నెగటివ్ షేర్ కింద పోయిన డబ్బు తిరిగి రాదు, ఆ వసూళ్ల అంకెలు చూశాక ఓటీటీ సంస్థలు ఇవ్వజూపే ధర కూడా తగ్గుతుంది.